సంక్రాంతి సెలవులలో చరిత్ర ధారావాహికలు: ఏవి చూడాలి, ఎలా చూడాలి

చరిత్ర రచనకు ఆధారాలు ఏమిటో ఇంతకు ముందు పాఠాలలో తెలుసుకున్నారు. శాసనాలు, నాణేలు, యాత్రికుల రాతలు, రెవెన్యూ దస్తరాలు, మౌఖిక సాక్ష్యాలు, వీటిని ఎలా పరిశీలించాలో చదివారు. అయితే గతాన్ని గురించి మనకు కలిగిన మొదటి ఊహ వీటిలో దేని నుంచీ వచ్చి ఉండదు. అది తెర మీది నుంచి వచ్చి ఉంటుంది. కృష్ణుడు ఎలా ఉంటాడు, రాజసభ ఎలా ఉంటుంది, 1947 ఆగస్టు అర్ధరాత్రి ఎలా గడిచింది అని అడిగితే మన కళ్ల ముందు కదిలేవి పుస్తకం పేజీలు కావు. కాబట్టి తెరను కూడా ఒక ఆధారంగా పరీక్షించడం చరిత్ర విద్యార్థికి తప్పదు. అందుకు సంక్రాంతి సెలవులను మించిన సమయం లేదు.

ఈ వ్యాసాన్ని తుంగతుర్తిలో ఉన్న అభ్యాసకుడిని మనసులో పెట్టుకొని రాస్తున్నాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఉన్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. మీలో చాలామంది ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ చదువుతున్నారు. జనవరిలో యాసంగి నాట్లు ఉంటాయి. విజయవాడ రహదారి మీద పండుగకు వెళ్లే కార్లు టోల్‌గేట్ల దగ్గర బారులు తీరి ఉంటాయి, ఇంటికి చుట్టాలు వస్తారు. వీటన్నిటి మధ్య మీకు మిగిలేవి నాలుగైదు రాత్రులు. ఆ రాత్రులలో ఏమి చూడవచ్చో చెబుతాం.

ఏకబిగిన చూడటం చెడ్డ అలవాటని పెద్దలు అంటుంటారు. ఈ మాటను కొంచెం ఆలోచించి ఒప్పుకోవాలి. తెలంగాణ పల్లెలలో ఒగ్గుకథ రాత్రంతా సాగేది. చిందు భాగవతం చూడటానికి వచ్చినవారు తెల్లవారే దాకా కదిలేవారు కారు. పెద్దగట్టు లింగమంతుల జాతరలో నిద్ర మేల్కొని కథ విన్న తాతలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ లెక్కన చూస్తే, వారానికి ఒక్క భాగం చొప్పున కథ చూపించి ఏడు రోజులు ఆపి ఉంచడమే మనకు కొత్త. ఆ కొత్త పద్ధతి టెలివిజన్‌తో వచ్చింది.

మన దేశంలో ఆ పద్ధతికి అలవాటు పడ్డది 1984 నుంచి. ఆ ఏడాది జులై 7న దూరదర్శన్‌లో ‘హమ్‌లోగ్’ మొదలయింది. మనోహర్ శ్యామ్ జోషి రాసిన ఆ ధారావాహిక 156 భాగాలు నడిచింది. మెక్సికోలో మిగుయెల్ సబీదో అనే నిర్మాత కుటుంబ నియంత్రణ, వయోజన విద్య వంటి విషయాలను కథలలో కలిపి చూపించిన ధారావాహికలు దానికి నమూనా. ఆ తరవాత 1987 జనవరి 25న రామానంద్ సాగర్ ‘రామాయణ్’, 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ వచ్చాయి. మొదటిది 78 భాగాలు, రెండవది 94. ఆదివారం ఉదయం వీధులు ఖాళీ అయ్యేవని మీరు వినే ఉంటారు. అవి హిందీలో ఉన్నా మన ఊళ్లలో పెద్దలకు అర్థమయ్యాయి. కథ ముందే తెలిసి ఉండటం ఒక కారణం. నిజాం పాలనలో ఉర్దూ పాలనా భాషగా, బడి భాషగా ఉండటం మరొక కారణమని మా అభిప్రాయం. ‘మహాభారత్’కు సంభాషణలు రాసిన రాహీ మాసూమ్ రజా ఉర్దూ, హిందీ రెండింటిలో రాసిన రచయిత. నలభై ఏళ్ల కిందట ఉర్దూలో పాఠాలు చదివిన మన జిల్లా వృద్ధుడు ఆయన వాక్యాన్ని వింటున్నాడంటే, అందులో భాషా చరిత్ర కూడా ఉంది.

ఇక మీరు చూడవలసిన వాటికి వద్దాం. మొదటిది ‘భారత్ ఏక్ ఖోజ్’. శ్యామ్ బెనెగల్ దర్శకత్వంలో 1988లో మొదలై 53 భాగాలుగా వచ్చింది. బెనెగల్ 1934లో తిరుమలగిరిలో పుట్టారు. మన తుంగతుర్తి పక్కనున్న తిరుమలగిరి కాదు, సికింద్రాబాద్ దగ్గరిది. నిజాం కళాశాలలో చదివారు. ఆయన మొదటి కథాచిత్రం ‘అంకుర్’ కథ తెలంగాణ పల్లెలో దొర ఇంట్లో జరుగుతుంది. ఈ ధారావాహికకు ఆధారం జవహర్‌లాల్ నెహ్రూ 1944లో అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా రాసిన గ్రంథం. రోషన్ సేఠ్ నెహ్రూగా కనిపిస్తారు. ఓంపురి వ్యాఖ్యాతగా, అనేక చారిత్రక పాత్రలలో కనిపిస్తారు.

53 భాగాలు ఒక్క సెలవులో పూర్తి చేయాలనుకోవద్దు. ఒక్కోటి ముప్పావు గంటకు పైనే ఉంటుంది. మీ పాఠ్యాంశంలో ఉన్న వాటినే ఎంచుకోండి: అశోకుని మీద ఉన్నవి, విజయనగరం మీద ఉన్నవి, 1857 మీద ఉన్నవి. చూసేటప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఇది భారతదేశ చరిత్ర కాదు. జైలులో కూర్చున్న ఒక జాతీయోద్యమ నాయకుడు చూసిన భారతదేశ చరిత్ర. దేశం ఒక్కటిగా నిలబడుతుందా అని అందరూ సందేహిస్తున్న కాలంలో ఆయన కలయికను, సమన్వయాన్ని వెతికాడు, అదే ఆయనకు కనిపించింది. కాకతీయులకు, కుతుబ్‌షాహీలకు ఈ చూపులో ఎంత చోటు దక్కిందో మీరే లెక్క వేయండి. ఢిల్లీ నుంచి చూసినప్పుడు దక్కను ఎప్పుడూ కొంచెం దూరంగానే కనిపిస్తుంది.

రెండవది ‘తమస్’. ఇది పొట్టిది, మొత్తం సుమారు అయిదు గంటలు, ఒక్క రాత్రికి సరిపోతుంది. కానీ తేలికైనది కాదు. పిల్లలు పక్కన ఉన్నప్పుడు పెట్టవద్దు. భీష్మ సహానీ నవలకు గోవింద్ నిహలానీ ఇచ్చిన తెర రూపం. విభజనకు కొద్ది నెలల ముందు పంజాబ్‌లో జరిగిన మత కల్లోలాలు కథావస్తువు. తోళ్లు శుద్ధి చేసే నత్థూ అనే పేదవాడికి ఒకడు డబ్బిచ్చి పంది చచ్చేలా చూడమంటాడు. ఎందుకో అతనికి చెప్పడు. కథంతా అక్కడి నుంచి బయలుదేరుతుంది. సహానీ 1947లో రావల్పిండి అల్లర్లను స్వయంగా చూశారు. అయినా వెంటనే రాయలేదు. 1970లో భివండిలో అల్లర్లు జరిగిన తరవాత అక్కడికి వెళ్లి వచ్చి, పాత జ్ఞాపకాలు కదిలి, అప్పుడు నవల మొదలుపెట్టారు. జ్ఞాపకం ఎప్పుడు, ఏ పరిస్థితిలో నోరు విప్పుతుందో గమనించడం మౌఖిక చరిత్ర చదివేవారికి చాలా అవసరం.

1988 జనవరిలో దూరదర్శన్ ‘తమస్’ ప్రసారం చేస్తుండగా, దీనివల్ల మత సామరస్యం దెబ్బతింటుందంటూ కొందరు కోర్టుకు వెళ్లారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు ఇద్దరు మొత్తం ధారావాహికను కూర్చొని చూసి, ప్రసారం ఆపనక్కరలేదని తీర్పు చెప్పారు. ఏకబిగిన చూసినవారి పేర్లు చరిత్రలో ఎవరైనా వెతికితే ఈ ఇద్దరిని ముందు పెట్టాలి. ఆ తరవాత సుప్రీంకోర్టు కూడా ఫిబ్రవరిలో అదే మాట చెప్పింది. మామూలు ప్రేక్షకుడికి హింసను చూసి హింస నేర్చుకోకుండా, దాని నుంచి పాఠం తీసుకొనే తెలివి ఉందని న్యాయస్థానం నమ్మింది. ఇదే ప్రశ్న మన దగ్గర మరో రూపంలో ఉంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం వచ్చిన తరవాత కొన్ని జిల్లాలలో ముస్లిములపై జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. అంతకు ముందు రజాకార్లు ఊళ్ల మీద చేసిన దాడులు మనందరికీ తెలిసిన కథ. ఒకటి పదే పదే చెప్పుకొని రెండవది చెప్పకపోతే ‘తమస్’ నుంచి మనం నేర్చుకున్నది ఏమీ లేనట్టే.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మీకు ఒక్కటే చూసే తీరిక ఉంటే ఇదే చూడండి. ‘సంవిధాన్’. 2014లో రాజ్యసభ టెలివిజన్ కోసం బెనెగల్ పది భాగాలుగా తీశారు. రాజ్యాంగ సభ చర్చలే కథ. సచిన్ ఖేడేకర్ అంబేద్కర్‌గా నటించారు. కోట్లాటలు లేవు, పాటలు లేవు. మనుషులు లేచి నిలబడి మాట్లాడతారు, అంతే. అయినా విసుగు పుట్టదు. మాట్లాడే ప్రతి మాట మీద కోట్లమంది బతుకు ఆధారపడి ఉందని చూసేవారికి తెలుస్తుంటుంది. మీ రాజనీతి శాస్త్ర పాఠాలలో ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు వరసగా అచ్చయి ఉంటాయి. అవి ఎంత పెనుగులాట తరవాత అక్కడికి చేరాయో ఇందులో తెలుస్తుంది.

అయితే దీన్ని తుంగతుర్తి నుంచి చూడండి. రాజ్యాంగ సభ మొదటిసారి సమావేశమయింది 1946 డిసెంబరు 9న. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న. సంస్థానాలకు పది లక్షల జనాభాకు ఒక స్థానం చొప్పున కేటాయించారు. ఆ లెక్కన హైదరాబాద్‌కు వచ్చినవి 16. వాటిలో ఒక్కదానిలోనూ ఎవరూ కూర్చోలేదు. నిజాం మొదట భారత యూనియన్‌లో చేరనన్నాడు. సైనిక చర్య తరవాత కూడా ప్రతినిధులు వెళ్లలేదు. 1949 నవంబరులో నిజాం పేరు మీద వెలువడిన ప్రకటనతో రాజ్యాంగం మనకు వర్తించింది. వెట్టిచాకిరిని నిషేధించే 23వ అధికరణం మీద ఢిల్లీలో చర్చ జరుగుతున్నప్పుడు, వెట్టి అంటే ఏమిటో ఒంటి మీద మచ్చలతో చూపించగల నల్లగొండ మనిషి ఆ సభలో లేడు.

మరి ఆ మూడేళ్లూ మనవాళ్లు ఎక్కడున్నారు? తేదీలు పక్కపక్కన పెట్టుకోండి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. రాజ్యాంగ సభ మొదటి సమావేశానికి అప్పటికి అయిదు నెలల వ్యవధి ఉంది. 1948 సెప్టెంబరు 13న సైన్యం సరిహద్దు దాటింది, 17న నిజాం లొంగిపోయాడు. సాయుధ పోరాటం మాత్రం 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ విరమించే దాకా సాగింది. అంటే రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950 జనవరి 26న కూడా ఈ చుట్టుపక్కల అడవులలో దళాలు తిరుగుతూనే ఉన్నాయి. తుంగతుర్తి మండలంలోని కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఆ దళాలలో ఉన్నారు. ఆ వెంటనే జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిని నెహ్రూకు వచ్చిన వాటికంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. నరసింహారెడ్డి తరవాత మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. రాజ్యాంగం రాసే గదిలో లేనివారు ఆ రాజ్యాంగం ఇచ్చిన వోటును పట్టుకొని లోపలికి వెళ్లిన తీరు ‘సంవిధాన్’లో లేదు. అది ఆ ధారావాహిక తప్పని మేము అనడం లేదు. సభలో జరిగినదే తీస్తామని వారు హద్దు గీసుకున్నారు. ఆ హద్దు ఎక్కడ ఉందో తెలుసుకోవడం మీ పని.

విదేశీ ధారావాహికలలో ఒకదానిని తప్పక చెప్పాలి. 1977 జనవరి 23 నుంచి 30 దాకా అమెరికాలో ఎబిసి సంస్థ ‘రూట్స్’ను వరసగా ఎనిమిది రాత్రులు ప్రసారం చేసింది. అప్పటికి అది కొత్త పద్ధతి. గాంబియాలోని జుఫురే గ్రామం నుంచి కుంటా కింటే అనే యువకుడిని బానిసగా పట్టుకుపోవడంతో మొదలై అతని సంతతి కథ సాగుతుంది. చలికాలపు ఆ ఎనిమిది రాత్రులు అమెరికాలో నల్లవారు, తెల్లవారు కూడా టెలివిజన్ల ముందు కూర్చున్నారు. తమ వంశ మూలాలు వెతికే పని అక్కడ ఇంటింటి అలవాటయింది. అలెక్స్ హేలీ రాసిన మూల గ్రంథాన్ని సహవాసి ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. పుస్తకం మీకు తేలికగానే దొరుకుతుంది. ముందు చదివి తరవాత చూడమని మా సలహా.

హేలీ తన అమ్మమ్మ నోట విన్న కథను పట్టుకొని ఆఫ్రికా వెళ్లాడు. జుఫురేలో వంశ చరిత్రలు కంఠస్థంగా చెప్పే వృద్ధుడు తన పూర్వికుడి పేరు చెప్పాడని రాశాడు. తరవాత పరిశోధకులు ఆ ఊరికి వెళ్లి ఆరా తీస్తే, హేలీ ఏమి వినాలనుకుంటున్నాడో ఆ వృద్ధుడికి ముందే తెలుసన్న అనుమానం కలిగింది. కొన్ని భాగాలు హెరాల్డ్ కూర్లాండర్ నవల నుంచి వచ్చాయన్న వ్యాజ్యాన్ని 1978లో హేలీ డబ్బు చెల్లించి రాజీ చేసుకున్నాడు. మరి ‘రూట్స్’ను పక్కన పడేయాలా? వద్దు. బానిస వ్యాపారం నిజం, ఓడల అడుగున గొలుసులతో కట్టి తీసుకుపోవడం నిజం. ఒక కుటుంబం వంశావళి మాత్రం రుజువు కాలేదు. ఈ రెండు మాటలనూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టమే. చరిత్ర విద్యార్థికి ఆ కష్టం తప్పదు.

మన పోరాటం గురించి మౌఖిక సాక్ష్యాలు ఉన్నాయి. స్త్రీశక్తి సంఘటన సేకరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది. బి. నరసింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ చిత్రం 1980లో విడుదలయింది. దానికి ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన అదే పేరు గల నాటకం వేరు, గందరగోళపడవద్దు. ఆ సినిమాను సెలవులలో ఒక పూట ఇంటిల్లిపాదీ చూడండి. కానీ రెండున్నర గంటల సినిమాలో దళం ఉంటుంది, దొర ఉంటాడు. దళానికి అన్నం వండి పంపిన ఇల్లు, ఆ తరవాత ఆ ఇంటికి వచ్చిన పోలీసు, నలభై ఏళ్లకు ఆ ఇంటి పొలం ఏమయింది, ఇవన్నీ పట్టాలంటే పది భాగాలైనా కావాలి. బ్రిటన్‌లో 1973లో ‘వరల్డ్ ఎట్ వార్’ అనే 26 భాగాల ధారావాహిక వచ్చింది. యుద్ధం ముగిసి ముప్పై ఏళ్లు కాకముందే, ఇరువైపులా పాల్గొన్నవారు బతికి ఉండగానే వారిని కెమెరా ముందు కూర్చోబెట్టారు. సైన్యాధిపతులనే కాక, మామూలు గృహిణులను, సైనికులను కూడా మాట్లాడించారు. మనకు ఆ వ్యవధి దాటిపోయింది. నరసింహారెడ్డి 2008లో, స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూశారు. నాయకులు పుస్తకాలలోనైనా మిగిలారు. అన్నం వండినవారు మిగలలేదు.

కొంచెం తేలికపడటానికి చివరగా ‘రాకెట్ బాయ్స్’. 2022, 2023లలో రెండు విడతలుగా వచ్చింది, ఒక్కో విడతలో ఎనిమిది భాగాలు. హోమీ భాభా, విక్రమ్ సారాభాయ్‌ల కథ. చక్కగా తీశారు. కాని అందులో రజా మెహదీ అనే శాస్త్రవేత్త పాత్ర కల్పితం. నిజమైన పేర్ల మధ్య ఒక కల్పిత పేరును, అదీ ఒక మతానికి చెందిన ప్రత్యర్థిగా పెట్టడం ఎందుకో ఆలోచించండి. మాకైతే అది నచ్చలేదు. సారాభాయ్ గురించి మీకు ఆసక్తి కలగడానికి మరొక కారణం ఉంది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ పంపాలన్నది ఆయన పట్టుదల. 1969లో అమెరికా అంతరిక్ష సంస్థతో ఒప్పందం కుదిరింది. 1971 డిసెంబరులో ఆయన చనిపోయారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు ఆ ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. కోళ్ల గూటికి వాడే వంటి ఇనుప వల అల్లిన పెద్ద గొడుగు లాంటి ఆంటెన్నా, దాని ముందు నేల మీద కూర్చున్న ఊరంతా. సాగు, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు వాటిలో ప్రధానం. దూర విద్యకు టెలివిజన్‌ను వాడవచ్చన్న నమ్మకం మన దేశంలో బలపడింది ఆ ఏడాదే. మీ చేతిలో ఉన్న ఈ పుస్తకానికి కూడా దానితో దూరపు చుట్టరికం ఉంది.

ఇప్పుడు ఒక అభ్యాసం. ‘సంవిధాన్’లో ఏదైనా ఒక భాగం చూసిన మర్నాడు, మీ ఇంట్లోనో వాడలోనో ఎనభై దాటినవారి దగ్గర కూర్చోండి. చూసిన దాని గురించి వారికి ముందుగా చెప్పవద్దు. జుఫురే సంగతి గుర్తుంది కదా. మొదటి వోటు ఎప్పుడు వేశారు, ఊళ్లో మొదటి టీవీ ఎవరింటికి వచ్చింది, వారి చిన్నతనంలో దొర గడీ వైపు వెళ్లాలంటే ఎలా ఉండేది అని అడగండి. వారు చెప్పింది వారి మాటల్లోనే రాసుకోండి. భాషను దిద్దవద్దు. అనుమతి ఉంటే ఫోనులో రికార్డు చేయండి. పేజీ పైన వారి వయసు, ఊరు, మీరు అడిగిన తేదీ వేయండి.